తరుగు

నా నోట్‌బుక్కు నాకే పలికేది.
మూడో గడి ముందు నడిపి, మొదటిదానికి తిరిగొచ్చి,
ఏడోదాన్ని రెండుసార్లు నొక్కి...
మా పిన్ని కుట్టుమిషను కూడా అంతే,
ఎక్కడ తట్టాలో తెలిసినవాళ్ళకే కదులుతుంది.

కాశీబుగ్గలో మేడ మీద గది, కింద జీడి బట్టీ.
పొగ చువ్వల సందుల్లోంచి వచ్చి
నా గ్రాఫుల మీద కూచుంటుంది.
ఈ నోట్‌బుక్కును నడిపే ప్రాణాన్ని కెర్నెల్ అంటారు.
కింద కొట్టి తీసే పప్పుకీ
ఎగుమతి డబ్బాల మీద అదే పేరు.
రెంటికీ పెంకు ఉంది. రెంటికీ సొన ఉంది.
ఎవరి వేళ్ళు కాలతాయన్నదే తేడా.

కూర్మమ్మ ఒకనాడు మెట్లెక్కి వచ్చింది.
"నా లెక్క కూడా ఓపాలి సూడు గుంటా.
గుండు ఇన్ని కేజీలు, బద్ద ఇన్ని, ముక్క ఇన్ని.
శనోరం సేతిలో పడింది ఇంతే."
అంకెలు వేశాను, గడులు నడిపాను, కూలి తేలింది.
మర్నాడు ఎర్రయ్యమ్మ. ఆ మర్నాడు
దమయంతి, దమయంతి తోటికోడలు.
నాలుగోనాటికి మెట్ల మీద వరుస,
నా టీ చల్లారిపోయింది.

అందుకని దాన్ని ఒక లింకు చేయాలనుకున్నాను.
ఎవరి ఫోన్లో వాళ్ళు తెరుచుకునేలా
మూడు పెట్టెలు, ఒక బటను, అంతే.
కోడంతా లోపలికి పోయింది,
పప్పు తిరిగి కాయలోకి దూరినట్టు.

కానీ ఆ కొత్త చోట నేనుండను.
నా తట్టుడు ఉండదు, నా గుర్తు ఉండదు.
పై గడి నుంచి కింది గడికి ఒక్కటే దారి.
కూర్మమ్మ పక్కన కూచుని ఉండగానే
తెర మీద ఎర్రటి అక్షరాలు.

"ఏటంతంది?"

"తరుగంటే ఏటో తనకి తెలీదంటోంది."

ఎప్పుడో గుమాస్తా చెప్పిన అంకె అది.
ఒక గడిలో వేసి, ఆ గడి చెరిపేశాను.
గడి పోయింది, అంకె పోలేదు.
కంప్యూటరు ఆపకుండా పడుకోబెట్టి లేపుతున్నంత కాలం
కనబడకుండా కూచుని
ప్రతి లెక్కలోనూ కొంచెం కొంచెం కోసింది.

కూర్మమ్మ నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు.
"మాకూ తెల్దే. పద్దెనిమిదేళ్ళై తెల్దు.
అడగడానికి దానికున్న నోరు మాకు నేకపోనాది."

కిందికి దిగి గుమాస్తాని అడిగాను.
తేమకి అన్నాడు.
ఎండిన సరుక్కి తేమేమిటంటే, నలుసులకి అన్నాడు.
ఆఖరికి కళ్ళజోడు తుడుచుకుంటూ,
ఎప్పట్నుంచో ఉందమ్మా అన్నాడు.
ఎప్పట్నుంచో ఉంది.
దాన్ని ఏ గడిలో రాయను?

తరుగుని మీట చేశాను,
సున్నా నుంచి అయిదు దాకా జరిగేట్టు.
లెక్క దాచొద్దంది కూర్మమ్మ.
"మూసేస్తే ఆల కాయితానికీ నీ అద్దానికీ తేడా ఏటి?"
కింద తెలుగులో సూత్రం రాశాను,
గుండు ఇంటూ రేటు, బద్ద ఇంటూ రేటు,
ఎక్కడ ఎంత కోసిందీ.

రేషను మిషను గుర్తుపట్టని బొటనవేలు అది,
జీడి సొన గీతలన్నీ తినేసింది.
అద్దం మీద మీట మాత్రం జరిగింది.
మూడు దగ్గర ఒక కూలి. సున్నా దగ్గర ఒక కూలి.
మళ్ళీ మూడుకి లాగింది, మళ్ళీ సున్నాకి.
"పడతన్నాది... లెగుస్తన్నాది" అంటూ
నా ఫోను ఛార్జి అయిపోయేదాకా.

ఆ రాత్రి పదకొండు ఫోన్లలో తెరుచుకుంది.
శుక్రవారానికి అరవై మూడు. మందస నుంచి కూడా ఒకటి,
అక్కడ నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు.
ఉచిత సర్వరు కదా, ఎవరూ రాకపోతే నిద్రపోతుంది,
లేపితే ఆవులించి లేస్తుంది. ఓపిక పట్టమన్నాను.
ఓపిక గురించి వాళ్ళకి చెప్పడానికి నేనెవర్ని.

శనివారం. బట్టీ ముందు వరుస.
గుమాస్తా చిట్టా తెరిచేలోపు
ఒక్కొక్కటిగా తెరలు వెలిగాయి.
ఆయన ఏమన్నాడో పైకి వినబడలేదు,
రైలు పోతోంది, పొగ కమ్మింది.

నా నోట్‌బుక్కు మూసి, మళ్ళీ తెరిచి
మొదటి గడి నుంచి నడిపాను,
ఎక్కడా తట్టకుండా.